మంద కావలి

(వార్షిక మహాసభ రెండవనాటి సమావేశమున చేసిన యుపన్యాసము)

  

నాకు ముందు మాటలాడిన పెద్దలు విద్యను గూర్చియు, మన బాలబాలికలకు వలసిన వసతిగృహములను గూర్చియు, ఉద్యోగములయందును శాసనసభలయందును మనకు రావలసిన పాలును గూర్చియు సవిస్తరముగా సెలవిచ్చియున్నారు. అట్టి గంభీరోపన్యాసముల పిమ్మట నక్కలను గూర్చి మాటలాడుటకు నేను లేచుట కొందఱికి నవ్వు పుట్టింపవచ్చును. నవ్వినను మంచిదే. కాని బీరప్పను, మల్లన్నను కొలుచు మన కులమునకు మూలధనము మంద; మందకు మూలధనము పిల్ల. ఏ యేటికాయేడు పుట్టిన పిల్లలు దక్కిననే మంద నిలుచును. మంద నిలిచిననే మన యింటి పిల్లల చదువు నిలుచును. కావున నేను చెప్పబోవునది పెద్దలు చెప్పినదానికి వేఱు కాదు. దాని వేరునకు సంబంధించినది.

నా మాటలు జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతములను గూర్చినవి. 2016 అక్టోబరు 11వ తేదీవఱకు ఇవి మూడును కరీంనగరు జిల్లాలోనివే. నేడు మొదటి రెండును జగిత్యాల జిల్లాలోను, మూడవది రాజన్న సిరిసిల్ల జిల్లాలోను ఉన్నవి. జిల్లాలు రెండయినను మందకు ఎల్లలు లేవు. ఉత్తరమున గోదావరి, దక్షిణమున మానేరు. నడుమ కోరుట్లనుండి కథలాపురము, రుద్రంగి, చందుర్తి మీదుగా వేములవాడకు పోవు త్రోవ వెంబడి గుట్టలును, పొదలును. ఇది మన తాతముత్తాతలు నల్లగొఱ్ఱెలను మేపి, ఉన్ని వడికి, గొంగళ్ళు నేసిన నేల.

శ్రీరామసాగరము కాకతీయ కాలువ నీరు పాఱిన పిదప ఈ సీమ రూపు మాఱినది. మెట్టబీళ్ళు వరిపొలములైనవి, పసుపుచేలు, మామిడితోటలు, మొక్కజొన్నచేలు పెరిగినవి. రైతునకు మేలు కలిగినది, మనకు సంతోషమే. కాని మేతబీడు తఱిగినందున మన మందలు గుట్టల నుండి దిగి పొలముల నడుమకు, ఊళ్ళ చెంతకు వచ్చినవి. నిలువెత్తు పెరిగిన మొక్కజొన్న నక్కకు పగటి మఱుగైనది. ఊరి వెలుపల పాఱవేయు కోళ్ళ వ్యర్థము ఊరకుక్కలకును, నక్కలకును నిత్యాన్నదాన సత్రమైనది. పూర్వము మనము నక్క యున్నచోటికి పోయెడివారము. నేడు మనము, నక్క, ఊరకుక్క మువ్వురమును ఒక్కచోటనే బ్రతుకుచున్నాము.

గొఱ్ఱెలా తఱుగలేదు. 2012 పశుగణనయందు తెలంగాణమున సుమారు 1 కోటి 28 లక్షల గొఱ్ఱెలుండగా, 2019 గణనయందు సుమారు 1 కోటి 91 లక్షలు తేలినవి. దేశమంతటిలో మన రాష్ట్రమే ప్రథమస్థాన మాక్రమించెను. 2017లో ఆరంభమైన పంపిణీ పథకమున ఇరువది గొఱ్ఱెలును ఒక పొట్టేలును గల మందకు 1,25,000 రూపాయలు వెల కట్టి, అందు నాలుగవ పాలు, అనగా 31,250 రూపాయలు, మనవారిచేత కట్టించిరి. ఆ సొమ్ము కొఱకు ఎన్ని యిండ్లలో పుస్తె కుదువకు పోయినదో మీకు చెప్పనక్కఱలేదు. అట్లు కూడబెట్టిన మందలో అయిదు నెలలు తల్లి కడుపున పెరిగి పుట్టిన పిల్ల ఒక్క రాత్రిలో పోయిన, ఆ లెక్క ఏ గణనలోను కనబడదు. తల్లి చుట్టుచుట్టు తిరిగి అఱచు అఱపులోనే వినబడును.

నా తప్పు

ఇతరులకు బుద్ధి చెప్పుటకు ముందు నా తప్పును సభ యెదుట ఒప్పుకొనుట న్యాయము.

కొన్నియేండ్ల క్రిందట చలికాలపు ఈతలో మా దొడ్డియందు పదునొకండు పిల్లలుండెను. తమ్ముడు గల్ఫునకు పోయెను. తండ్రిగారు వృద్ధులు, చలికి రాత్రి బయట పరుండజాలరు. ఒకనాడు నేను బంధువులయింట పెండ్లికి పోయి, ప్రొద్దుపోయినదని అచటనే నిదురించితిని. తెల్లవారి వచ్చి చూచునప్పటికి తడికె యొకవైపు పడియున్నది. ఏడు పిల్లలు చచ్చియున్నవి. రెండింటి జాడ లేదు. మిగిలిన రెండు తల్లుల పొట్టక్రింద వణకుచున్నవి. ముందటి మూడు రాత్రులు నక్కలకూత విన్నవాడనగుటచే ఇది నక్కపని యని నిశ్చయించుకొంటిని. కోపము కన్నులు కప్పెను. ఒక పిల్ల కళేబరమును చీల్చి, చేనికి చల్లు గుళికల మందును అందులో పోసి, దొడ్డికి దూరముగా పెట్టితిని.

మఱునాటి యుదయమున ఆ కళేబరము ప్రక్కన రెండు కాకులును, ఎనిమిదేండ్లు మా మందను కాచిన మా కుక్కయు చచ్చి పడియుండెను. ఆ రాత్రియు నక్క యెప్పటివలెనే కూసెను.

మా యూరి కులపెద్ద యొకరు వచ్చి చచ్చిన పిల్లలను త్రిప్పి చూచిరి. కాట్లు అన్నియు వెనుకతొడలమీదను, పిఱ్ఱలమీదను ఉన్నవి. తోలు చీలికలైనదిగాని మాంసము తిన్నది కొంచెమే. నేలపై అడుగులు చిన్నవియు పెద్దవియు కలిసి, ఇటునటు చెదరి, ఊరివైపునకు పోయినవి. “ఇది ఊరకుక్కల గుంపు” అని వారనిరి. నేను నక్కను తిట్టుచునే యుంటిని. అప్పుడాయన నా ముఖము చూచి, “నక్కను తిట్టుడు గాదు బిడ్డా, నువ్వు రాత్రి యాడ పండుకున్నవో అది చెప్పు” అని అడిగిరి. దానికి నాయొద్ద బదులు లేకపోయెను. ఆ ప్రశ్నయే నేటి నా యుపన్యాసమునకు మూలము.

దొంగ యెవడు?

రాత్రివేళ పిల్ల పోయినప్పుడు దొంగను గుఱుతించుట మొదటి పని. మన సీమలో అనుమానింపదగిన వారు నలుగురు.

ఒకటి, గుంటనక్క. ఇది రెండు మూడు కిలోల బరువుగల చిన్న జంతువు. తోకకొన నల్లగా నుండును. ఎలుకలు, పురుగులు, తొండలు, రేగుపండ్లు దీని తిండి. అప్పుడే పుట్టిన గొఱ్ఱెపిల్ల బరువే రెండున్నర మూడు కిలోలుండును. తనంత బరువుగల పిల్లను తల్లి యెదుట ఎత్తుకొనిపోవుట దీనికి సాధారణముగా శక్యము కాదు. మనము పేరు వినగానే తిట్టు ఈ జంతువు చాలవఱకు నిర్దోషి.

రెండవది, నక్క. ఎనిమిది మొదలు పది పదునొకండు కిలోల బరువుండును. ఆలుమగలు జంటగా తిరుగును. దీనికిని ఎలుకలు, పండ్లు, కళేబరములు ముఖ్యాహారము. కాని వారము పదిదినముల పిల్ల ఒంటరిగా చిక్కిన విడువదు. గొంతు పట్టి, మోయగలిగిన ఎత్తుకొనిపోవును, లేనిచో పొట్ట చీల్చి అక్కడనే తినును. ఒక రాత్రి ఒకటి, మఱి మూడు రాత్రులకు ఇంకొకటి పోవుచు, పోయిన పిల్ల జాడ దొరకనిచో నక్కను అనుమానింపవచ్చును.

మూడవది, తోడేలు. ఇది నక్కకు రెండింతలుండును. నేడు మిక్కిలి అరుదు. ఎదిగిన గొఱ్ఱెను గూడ గొంతుపట్టి కూల్చగలదు.

నాలుగవది, ఊరకుక్క. ఇది ఆకలిచే చంపునది కాదు. గుంపుగా తఱుముటయే దాని వినోదము. ఒక రాత్రిలో పదియు ఇరువదియు చంపి, ఒక్కదానినైన సరిగా తినక పోవును. ఒక్కపెట్టున దొడ్డి యంతయు పాడైనచో మొదట ఊరకుక్కను అనుమానింపుడు. తఱచు దండుగ దీనివలననే. నింద మాత్రము నక్కకు. లోకులు అదృష్టవంతుని చూచి నక్కతోక త్రొక్కినాడందురు. మన దొడ్డిలో నక్క యడుగు కనబడినంత మాత్రమున దురదృష్టమంతయు దానిదే యనుట సరికాదు.

అయిదవవాడును ఒకడు గలడు. వాడు కంటికి కానరాడు. అది వ్యాధి. పిల్ల చచ్చి పుట్టియుండవచ్చును, చలికి చచ్చియుండవచ్చును, చిటుకరోగముచే చచ్చియుండవచ్చును. నక్క పిదప వచ్చి కళేబరమును తిన్నచో మనము నక్కయే చంపినదందుము. దీనిని తేల్చుటకు పశువైద్యులు చూచు గుఱుతులు మూడు మీకు చెప్పెదను. పిల్ల ఊపిరితిత్తి ముక్కను నీటిలో వేయగా తేలినచో అది పుట్టి ఊపిరి పీల్చినది, మునిగినచో చచ్చిపుట్టినది. గిట్టల యడుగున మెత్తని పొర చెక్కుచెదరక యున్నచో ఆ పిల్ల లేచి నడువనేలేదు. కాటు చుట్టు తోలు ఒలిచి చూడగా నెత్తురు గూడి కమిలియున్నచో ప్రాణముండగా కఱచినది. కమలక తెల్లగా నున్నచో చచ్చిన పిదప కొఱికినది. ఈ పరీక్షలు చేసిన పిదప చేతులు సబ్బుతో కడుగుకొనుట మఱువరాదు. వ్యాధిచే చచ్చుచున్న మందకు ఎన్ని కంచెలు కట్టినను ఫలమేమి? 1962 అను సంఖ్యకు టెలిఫోను చేసి సంచార పశువైద్యమును పిలిపించుట అప్పుడు వలయును.

విషము, ఉచ్చు, కరెంటు

రాత్రివేళ నక్కలను చంపుట ఇతర దేశములలో లేదా యని మన యువకులడుగుదురు. కలదు. ఇంగ్లండునందు గొఱ్ఱెల కాపరులు ఈతకాలమున పెద్దదీపములు పట్టి, నక్కకన్నుల మెఱపు చూచి తుపాకితో కొట్టుట యున్నది. ఆస్ట్రేలియాలో విషపుటెరలను గూడ వాడుదురు. అయితే ఆస్ట్రేలియానందలి నక్క ఆ దేశపు జంతువు కాదు. పందొమ్మిదవ శతాబ్దమున దొరలు వేటవినోదము కొఱకు ఇంగ్లండునుండి తెచ్చి విడిచినది. అది ఆ ఖండమున చాలభాగము ప్రాకి, అచటి చిన్నజంతువులకు ప్రాణాంతకమైనది. కనుక వారు దానిని పరదేశి శత్రువుగా చూచుచున్నారు. మన నక్క మనతోపాటు ఈ నేలను పుట్టినది. వరిగట్లను త్రవ్వి గింజలను దాచు ఎలుకలను తినునది. వారి మందు మన రోగమునకు చెల్లదు.

అదియునుగాక చట్టమొకటి కలదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము వీనిని చంపుట నేరము. 2022 సవరణచే నక్కయు, గుంటనక్కయు గూడ తోడేలుతోపాటు మొదటి అనుసూచియందు చేర్పబడినవి. ఆ అనుసూచిలోని జంతువును చంపినవానికి మూడేండ్లకు తక్కువ కాని, ఏడేండ్లవఱకు గల కారాగారమును, 25,000 రూపాయలకు తక్కువ కాని జుల్మానాయు విధింపబడును. ఒక పిల్ల పోయినదని వగచుచు ఇంటి మగవానిని గూడ పోగొట్టుకొందుమా?

చట్టము లేదనుకొన్నను విషము విషమే. అది నక్క నోరు, కుక్క నోరు, పసివాని చేయి యని భేదమెఱుగదు. చచ్చిన కాకి బావిలో పడిన నీరు చెడును. గుళికలలో ఫోరేటు అనునది 2020 డిసెంబరు 31తో దేశమున పూర్తిగా నిషేధింపబడినది. పాత డబ్బాలు ఎవరియింటనైన నున్నచో వ్యవసాయాధికారికి తెలిపి వదలించుకొనుడు. ఉచ్చులో మన గొఱ్ఱెయే కాలు పెట్టును. అడవిపందులకని పొలముచుట్టు కరెంటుతీగ పెట్టి, తమ తీగకు తామే తగిలి చచ్చిన రైతుల వార్తలు మనము పత్రికలలో చదువుచునే యున్నాము. మంద దొడ్డికి అట్టి తీగ కట్టుట కాటికి తోరణము కట్టుటయే.

మఱియొక మాట. ఒక జంటనక్కలు ఒక తావును ఆక్రమించి యితర నక్కలను రానీయవు. వానిని చంపినచో ఆ తావు ఖాళీయగును. కొంతకాలమునకు కొత్తవి వచ్చును. ఇట్లు ఏటేట చంపుచునే యుండవలెను, ఏటేట పిల్లలు పోవుచునే యుండును. చంపుటకు అంతము లేదు. తలుపు వేయుట ఒక్కనాటి పని.

దొడ్డి

తలుపు వేయుట యనగానేమి? మొదటిది దొడ్డి. పెద్దగొఱ్ఱెలకు తుమ్మకంప కంచె చాలును. నెల నిండని పిల్లలకు చాలదు. నక్క కంపను దూకుటకంటె క్రిందనుండి దూఱుటయే తఱచు. దాని తల దూఱిన సందున ఒడలును దూఱును. కనుక పెద్దదొడ్డి నడుమ పిల్లలకును వాని తల్లులకును చిన్నదొడ్డి వేఱుగా నుండవలెను. దానికి అయిదాఱడుగుల యెత్తు ఇనుపజాలి కట్టి, జాలి యడుగును ఒక అడుగు లోతున పూడ్చవలెను. రాతినేలయైనచో జాలిని వెలుపలివైపునకు రెండడుగులు నేలపై పఱచి బరువైన రాళ్ళు పెట్టవలెను. త్రవ్వవచ్చిన జంతువు జాలిపైననే నిలిచి త్రవ్వజూచి, విసిగి మరలును. తలుపుక్రింద సందు లేకుండ బండ వేయవలెను. మా దొడ్డిలో కుక్కలు దూఱినది కంచెగుండ కాదు, తడికె క్రిందనుండియే.

మేకులు పాతి త్రాళ్ళవలను చుట్టు కట్టుకొని మంద వెంబడి తీసికొనిపోవు ఆచారము దక్కను కాపరులలో చిరకాలమునుండి యున్నది. ఊరూర మంద నిలుపు వారికి అది నేటికిని పనికివచ్చును. పిల్లలను గంపక్రింద మూయు మన తల్లుల ఆచారమును మంచిదే. గంపపై బండ పెట్టుట మాత్రము మఱువరాదు.

రెండవది శుభ్రత. ఈనిన గొఱ్ఱె మాయను, చచ్చిన పిల్లను దొడ్డి వెనుక పాఱవేయుటయే నక్కకు మనము వ్రాయు పిలుపు చీటి. వానిని మూడడుగుల లోతున సున్నము చల్లి పూడ్చవలెను. కోళ్ళ వ్యర్థమును ఊరిబయట పోయుట మానుపుమని గ్రామపంచాయతి వారిని పదిమంది కలిసి యడుగవలెను. ఊరకుక్కలకు సంతాన నిరోధమును, పిచ్చికుక్క టీకాయు చేయించుట స్థానిక సంస్థల విధి యని 2023 నియమములు చెప్పుచున్నవి. విధి కలదని యూరకుండక, వ్రాతమూలకముగా అడిగి, రసీదు పుచ్చుకొనవలెను.

కుక్కయు దీపమును

మూడవది కుక్క. మందకుక్కను పెంచు విద్యను మనము మఱచుచున్నాము. ఎదిగిన కుక్కను తెచ్చి దొడ్డికి కట్టివేసిన అది మందకుక్క కాదు. అఱచుటకు మాత్రము పనికివచ్చును. ఎనిమిది వారముల కూనను తెచ్చి, పిల్లలతోపాటు దొడ్డిలోనే పెంచి, అక్కడనే అన్నము పెట్టినచో అది గొఱ్ఱెలను తనవారనుకొనును. హిమాలయములందు గద్దీ కాపరులు తమ కుక్కల మెడకు ఇనుపముళ్ళ పట్టెడ కట్టి చిరుతపులినుండి గూడ మందలను కాచుకొందురు. ఆఫ్రికాలో నమీబియా దేశమున 1994 మొదలు అనటోలియా జాతి కుక్కలను రైతుల కిచ్చుచున్నారు. దానివలన మందలు దక్కుటయేగాక, రైతులు చీతాలను కాల్చవలసిన పనియు తగ్గినది. ఆస్ట్రేలియాలో వార్నాంబూలు పట్టణము చెంత చిన్నదీవిలో పెంగ్విను పక్షులను నక్కలు తినివేయుచుండగా, 2006లో మారెమ్మా జాతి గొఱ్ఱెకుక్కలను కాపలా పెట్టి ఆ పక్షులను నిలుపుకొనిరి. విషము చేయలేని పనిని కుక్క చేసినది.

అయితే కుక్కకు కడుపునిండ అన్నము పెట్టుడు. ఆకలిగొన్న కుక్క రాత్రి ఊరకుక్కలతో కూడి పొరుగువాని దొడ్డిపై పడినచో కంచె చేను మేసినట్లగును. ఏటేట పిచ్చికుక్క టీకా వేయింపుడు. పట్టపగలు బెదరక మనుష్యులపైకి వచ్చు నక్కకు పిచ్చియుండవచ్చును. దాని చెంతకు పోరాదు. కుక్కయేగాని నక్కయేగాని కఱచినచో పసరులు, కారము పూయక, 15 నిమిషములు సబ్బుతో, ధారగా పోయు నీటితో పుండు కడిగి, ఆ దినమే ఆసుపత్రికి పోవలెను. ఇందు జాగుచేసిన ప్రాణము దక్కదు.

నాలుగవది దీపము. రాత్రియంతయు ఒకేచోట వెలుగు దీపమునకు నక్క కొంతకాలమునకు అలవాటుపడును. వెలుగు మాఱుచుండవలెను. ఆస్ట్రేలియాలో ఒక రైతు, మనిషి టార్చిలైటు పట్టుకొని తిరుగుచున్నట్లు రంగులు మార్చుచు వెలుగు దీపమును కల్పించెను. హిమాలయములలో మంచుచిరుతనుండి మందలను కాచుటకు గూడ దానిని వాడుచున్నారు. అట్టిది దొరకనిచో సౌరదీపములు రెండు కొని, రెండుమూడు రాత్రుల కొకసారి వాని తావు మార్చుచుండుడు. మంద నిలుపుకొని ఎరువు పొందు రైతును, తన మోటారు గదియొద్ద నొక దీపము వెలిగింపుమని యడుగుట తప్పు కాదు. ఒడంబడికలో కూలితోపాటు దీపమును గూడ చేర్చుడు.

కావలి

ఇన్నియు చెప్పితిని. కాని వీనిలో ఏదియు మనిషి కావలికి సాటిరాదు. దొంగలు పడిన ఆఱునెలలకు కుక్కలు మొఱిగినట్లు, తెల్లవారిన పిదప చూచు కన్ను పనికిరాదు.

ఇక్కడనే మన అసలు కష్టము. ఈ మూడు ప్రాంతములలో యువకులున్న యిండ్లెన్ని? జగిత్యాల, కోరుట్ల పల్లెలనుండి దుబాయి, కువైటు, సౌదీలకు పోయినవారు కొల్లలు. సిరిసిల్లవైపువారు గల్ఫునకేగాక బొంబాయి, భీవండీలకును పోవుచున్నారు. వారంపు సొమ్ముతో అప్పు తీరుచున్నది, ఇల్లు లేచుచున్నది; నిజమే. కాని రాత్రి దొడ్డియొద్ద పరుండువారు డెబ్బదియేండ్ల ముసలివారు, లేదా భర్త దూరదేశమందున్న ఇల్లాండ్రు. మగదిక్కులేని యింట పిల్ల పోయినచో ఆ తల్లి యెవరికి చెప్పుకొనును? నక్క మన దొడ్డికి ధైర్యముచే రాలేదు; మనిషి లేడని తెలిసి వచ్చినది. దీనిని ఒక యిల్లు ఒంటరిగా తీర్చుకొనజాలదు. కులసంఘము తీర్చవలెను.

మా యూర మేము చేసినది చెప్పెదను. ఇది గొప్పకు కాదు. నా దొడ్డి పాడైన పిదప ఆఱిండ్లవారము కూడి, ఈతకాలము మూడు నెలలు పిల్లలున్న మందలను ఒక్కచోట, పిలిచిన పలుకు దూరములో నిలుపుకొనుటకు ఒప్పుకొంటిమి. రాత్రికి ఇద్దఱు చొప్పున వంతు. ప్రొద్దుగుంకినప్పటినుండి నడిరేయివఱకు ఒకడు, నడిరేయినుండి కోడికూతవఱకు ఇంకొకడు మేలుకొనును. మగవారు లేని రెండిండ్లకు వంతు వేయలేదు. వారి పిల్లలను మా పిల్లలతోపాటే కాచితిమి. గల్ఫులోనున్న తమ్ములు రాత్రి కావలికి రాజాలరు. కాని తమ వంతు రాత్రులకు కూలి పంపగలరు. నా తమ్ముడే మొదట పంపెను. “అన్నా, నేనక్కడ లేకున్నా నా వంతు తప్పవద్దు” అని అతడు టెలిఫోనులో చెప్పిన మాట నా చెవిలో నేటికిని నున్నది. మొదటి యేడు ఆఱు దొడ్లలో ఒక్క పిల్ల నక్కనోట పోయినది; ఆ రాత్రి వంతువాడు నిదురపోయెను. వానిని ఎవరును తిట్టలేదు. మఱునాడు వాడే రెండు వంతులు పుచ్చుకొనెను. రెండవ యేడు ఒక్కటియు పోలేదు. ఆ మొక్కజొన్నలో నక్కలు ఇప్పటికిని కూయుచునే యున్నవి. మేము వానిని చంపలేదు. అవి మా పిల్లలను ముట్టలేదు.

మనవి

కావున ఈ మహాసభ ముందు అయిదు మనవులు చేయుచున్నాను. వీనిని తీర్మానములుగా అంగీకరింప ప్రార్థించుచున్నాను.

1. ప్రతి గ్రామశాఖయు ఈతకాలమునకు ముందు ఉమ్మడి కావలి పట్టికను వ్రాయవలెను. వితంతువులకు, వృద్ధులకు, భర్త దూరదేశమందున్న స్త్రీలకు వంతు వేయక, వారి మందలను అందఱితోపాటు కాచవలెను.

2. దూరదేశములందున్న మన సోదరులనుండి కావలి నిధిని ప్రోగుచేసి, దాని లెక్క ఏటేట ఈ మహాసభయందు చదువవలెను.

3. ఆ నిధినుండి ప్రతి గ్రామశాఖకు పిల్లల దొడ్డికి వలసిన ఇనుపజాలియు, సౌరదీపములును కొని, ఎరువుగా గాక వంతుగా, ఒకరి ఈత ముగిసిన పిదప వేఱొకరికి ఇయ్యవలెను.

4. మందకుక్కలకు, మందకును టీకాలు వేయించుటకు పశువైద్యశాఖవారిని గ్రామమునకు పిలుచు బాధ్యత శాఖ కార్యదర్శి వహింపవలెను. పిల్ల పోయినప్పుడు అడవిమృగమని తోచినచో కళేబరమును కదలింపక, వెంటనే అటవీశాఖకును పశువైద్యునకును తెలుపవలెను. బీమాయున్నవారికి ఆ పరీక్షా పత్రమే ఆధారము.

5. విషము పెట్టము, ఉచ్చు పన్నము, కరెంటుతీగ కట్టము అని ప్రతి సభ్యుడును మాట యియ్యవలెను. మొదటి మాట నాది.

సోదరులారా! మన పెద్దలు మనకిచ్చిన ఆస్తి భూమి కాదు, బంగారము కాదు; రాత్రి మేలుకొను అలవాటు. గొంగడి కప్పుకొని, చేత కఱ్ఱపట్టి, చుక్కలు చూచి జాము లెక్కించుచు వారు కాచిన మందలే నేడు మనలను ఈ సభలో కూర్చుండబెట్టినవి. నక్కపై కోపము తేలిక, మేలుకొనుట కష్టము. రాబోవు ఈతకాలమున ఎవరి దొడ్డిలోనైన తెల్లవారి ఖాళీ గంప కనబడినచో, నక్కను వెదకుటకు ముందు, ఆ రాత్రి వంతు ఎవరిదో పట్టికలో చూడుడు. ఆ పట్టికయే లేనిచో తప్పు మన యందఱిది.